వరదొస్తే టీ పెట్టే ఊరు

వరద మంచిది. ఏటా రావాలి. వీలుంటే ఏడాదికి రెండుసార్లు రావాలి.

కంగారుపడి పేపరు మడిచేయకండి. ఎక్కడో మేడమీద ఏసీ గదిలో కూర్చుని అంటున్న మాట కాదిది. గోదావరి పాయల మధ్య ఉన్న దొండలంకలో, నాలుగు కోళ్ళ కిందా ఇటుకలు పేర్చిన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పూర్తి బాధ్యతతో అంటున్నాను. పిల్లలకు ఇంగ్లీషు చెప్పి చెప్పి రిటైరైన మాస్టారిని. అబద్ధాలాడే వయసు దాటిపోయింది.

నీళ్ళు అన్ని దేశాల్లోకీ వస్తాయి. అందులో గొప్పేముంది? వచ్చిన నీళ్ళను జనం ఎలా రిసీవ్ చేసుకుంటారన్న దాంట్లో ఉంటుంది సంస్కారం. ఆ లెక్కన ప్రపంచంలో ఫస్టు ర్యాంకు మా కోనసీమ లంకవాళ్ళదే. ఊరికే అనడం లేదు. దీనిమీద అంతర్జాతీయ స్థాయిలో పరిశోధన చేశాను. అంటే, విదేశాల్లో ఉన్న మా చుట్టాలకు ఫోన్లు చేశాను.

మొదటి కేసు దుబాయ్. మా ఆవిడ రత్నమాల అన్నగారు రాజ్ కుమార్ అక్కడ ఒక గిడ్డంగిలో సూపర్‌వైజరు. ఆమధ్య ఎడారిలో కుండపోతగా వాన పడి, వాళ్ళ బిల్డింగు ముందు నీళ్ళు నిలిచిపోయాయి. బావగారు ఫోన్లో ఒకటే వాపోయారు. పొద్దున్నే ఫిర్యాదు చేశారట. మధ్యాహ్నమైనా నీళ్ళు లాగే ట్యాంకరు జాడ లేదట. ఇదేం పద్ధతని వాచ్‌మన్‌తో సహా బిల్డింగంతా మండిపడుతోందట.

"ఎంత లోతండీ?" అనడిగాను.

"మోకాళ్ళ దాకా వచ్చేశాయండి బావగారూ."

నాకు జాలేసింది. నీళ్ళని చూసి కాదు, ఆయన్ని చూసి. మోకాలి లోతును మా లంకలో వరద అనం, తడి అంటాం. ఈ ఊళ్ళోనే పుట్టి, అరటిబోదెల తెప్పమీద బడికి వెళ్ళొచ్చిన మనిషి ఎడారి గాలి సోకేసరికి ఇలా తయారయ్యారు. సాయంత్రానికి ట్యాంకర్లొచ్చి రోడ్డు ఆరబెట్టి వెళ్ళాయట. అయినా సణుగుడు ఆగలేదు. ఆలస్యం చేశారట! మా దగ్గర నీళ్ళు లాగే డ్యూటీ సముద్రానిది. దానికి వీలైనప్పుడు లాగుతుంది. మేమెప్పుడైనా సముద్రాన్ని నిలదీశామా?

రెండో కేసు ఇంగ్లాండు. రత్నమాల చెల్లెలి కూతురు అక్షయ అక్కడొక చిన్న టౌనులో నర్సు. వాళ్ళ వీధి చివర పిల్లకాలువలాంటి నది పొంగి, ఇళ్ళ కింద గదుల్లోకి చీలమండల దాకా నీళ్ళొచ్చాయి. అంతే, వీధివాళ్ళంతా చర్చి హాల్లో మీటింగు పెట్టి, డ్రెయిన్లు చూసే ఆఫీసరును పిలిపించారు. ఆయన వస్తూనే సారీ చెప్పాడు. మాట్లాడుతూ మధ్యలో సారీ చెప్పాడు. ముగించేటప్పుడు మళ్ళీ చెప్పాడు. జనానికి చాలలేదు. కర్ర పట్టుకుని వచ్చిన ఒక ముసలావిడ లేచి, ఈ డ్రెయిను ఆఖరుసారి ఎప్పుడు బాగుచేశారో చెప్పమందట. కనుక్కుని చెబుతానన్నాడు ఆఫీసరు. అయితే కనుక్కోండి, నేనిక్కడే ఉంటానని ఆవిడ కుర్చీలో కూర్చుని, సంచీలోంచి ఊలు తీసి అల్లుకోవడం మొదలుపెట్టిందట.

"అయ్యో, ఆయనకి టీ అయినా ఇచ్చేరా అమ్మా?" అన్నాను ఆత్రంగా.

"టీ ఆయనే తెచ్చేడు పెదనాన్నా, ఫ్లాస్కుల్లో. అందరికీ."

వింటున్నారా? మునిగినవాళ్ళు కుర్చీల్లో కూర్చుంటే, ఆఫీసరు టీ పంచిపెట్టాడు! సూర్యుడస్తమించని సామ్రాజ్యం ఎందుకు అస్తమించిందో నాకప్పుడు అర్థమైంది.

స్పీకర్లో వింటూ చిక్కుడుకాయలు గిల్లుతున్న రత్నమాల మాత్రం, తర్వాతేమైందని అడిగింది. ఆ సాయంత్రమే తేదీ తెలిసిందట. డ్రెయిను బాగుచేసి ఏళ్ళయిందట. ఆ వారంలోనే మనుషులొచ్చి పూడిక తీశారట. రత్నమాల ఊఁ అని ఊరుకుంది. నేనది పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

అక్షయ పనిచేసే ఆస్పత్రిలోనే హాలండ్ డాక్టరొకాయన ఉన్నాడు. సముద్రంకన్నా పల్లంలో ఉండే దేశం కాబట్టి మా బాధ తెలుస్తుందనుకున్నాను. అక్షయ మా ఊరి సంగతి చెబితే ఆయన, ఏటా అదే నెలలో వస్తుందా అని రెట్టించి అడిగి, "అయితే దాన్ని వరద అనకూడదు, టైమ్‌టేబుల్ అనాలి" అన్నాడట. ఎంత పొడి మనిషి! ప్రతి ఏడూ కొత్తగా ఆశ్చర్యపోవడంలో ఉన్న ఆనందం ఆ దేశానికి తెలియదు.

ఇక మా పద్ధతి వినండి.

ఆగస్టు వస్తుంది. ఎగువన ఎక్కడో వానలు పడతాయి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అనగానే బియ్యం, ఉప్పు, కొవ్వొత్తులు తెచ్చుకుంటాం. రెండోది అనగానే గేదెల్ని చర్చి దిబ్బమీదకి తోలుతాం. ఊళ్ళోకెల్లా మెరక అదే. మూడోది అనేలోపు ఫోన్లకు చార్జింగు పెట్టుకుంటాం. ఒడ్డుకీ మాకూ ఉన్న ఒకే ఒక్క దారి కాజ్‌వే. గోదావరికి కోపమే రానక్కర్లేదు, కాస్త చిరాకేసినా అది మునిగిపోతుంది. అక్కడినుంచి మాకు వైభవం మొదలు.

ఏడాది పొడుగునా ఫోను చేయని చుట్టాలంతా చేస్తారు. మొదటి ప్రశ్న పులస దొరికిందా అని. బతికున్నారా అన్నది రెండోదో మూడోదో. అరటితోట హద్దు దగ్గర పంతం పట్టి కోర్టుకెక్కిన వీరబాబూ వాళ్ళ పక్క రైతూ, హద్దే కనబడక రాజీపడి ఒకే అరుగుమీద పేకాడతారు. కరెంటుండదు కాబట్టి కరెంటు బిల్లుండదు. పెళ్ళిళ్ళకు వెళ్ళక్కర్లేదు, చదివింపులు మిగులు. కూరగాయలు, అంటే మేం పండించినవే, ఏట్లో మా ముందునుంచే సముద్రానికి ఎక్స్‌పోర్టు అవుతాయి. తేళ్ళు, పాములు, జెర్రులు ఇంట్లోకి వచ్చి, కులమతాల పట్టింపు లేకుండా అటకమీద మాతో కలిసి ఉంటాయి. జాతీయ సమైక్యత అంటే ఇదే కదా?

అన్నిటికన్నా ముఖ్యం, మా ఊరికి పెద్దవాళ్ళొస్తారు. మామూలు రోజుల్లో కాజ్‌వే మీద కారొచ్చే వీలున్నా ఎవరూ రారు. నీళ్ళొచ్చాక పడవ వేసుకుని మరీ వస్తారు. రాగానే మేమేం చేస్తాం? నిలదీస్తామా? ఊలు అల్లుతామా? పీకల్లోతు నీళ్ళలో ఎదురెళ్ళి దండ వేస్తాం. కుర్చీ తుడిచి వేస్తాం. పొయ్యి తడిసిపోయినా ఎవరి గ్యాస్ బండో అటకమీంచి దింపి టీ పెడతాం. అడిగినదానికల్లా ఆయ్ అంటాం. బియ్యం అందాయా అంటే ఆయ్. అందలేదా అన్నా ఆయ్. ఇంత మర్యాద తెలిసిన ముంపు ఏ ఖండంలో ఉందో చూపించండి.

ఈ సంప్రదాయానికి ఈ ఏడాది మచ్చ పడింది. అదీ మా ఇంటినుంచే. ఆ విషాదం చెప్పడానికే ఈ కాలమ్.

మా పక్కింట్లో సత్తిబాబు ఉంటాడు. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలకు లోడింగు మేస్త్రీగా చేసేవాడు. ఒకప్పుడు ఒంటిచేత్తో బస్తా విసిరిన మనిషి. కిడ్నీలు పాడయ్యాక పని మానేశాడు. వారానికి రెండుసార్లు భార్య లీలావతి ఆటోలో కూర్చోబెట్టుకుని అమలాపురం డయాలసిస్‌కు తీసుకువెళుతుంది. నీళ్ళొచ్చాక ఆటో ఎలాగూ లేదు. వడి ఎక్కువగా ఉందని నాటుపడవలు కట్టేయమన్నారు. ఊరికి ఒక్కటే ఇంజను పడవ ఇచ్చారు. పేషెంట్లు, గర్భిణులు, ముసలివాళ్ళకోసమని దానికి బ్యానరు కూడా కట్టారు.

సత్తిబాబు వెళ్ళాల్సిన రోజున ఆ పడవ కుర్చీలు తేవడానికి వెళ్ళింది. మర్నాడు పెద్దాయన వస్తున్నారని కబురు. పెద్దాయనంటే ఎవరో రాయను. రాస్తే వచ్చే ఏడాది మాకు పులిహోర పొట్లాలు తగ్గిపోవచ్చు. ప్లాస్టిక్ కుర్చీలు ఒక ట్రిప్పు, షామియానా ఒక ట్రిప్పు, మైకుసెట్టు ఒక ట్రిప్పు వచ్చేసరికి పొద్దుపోయింది. మా వీఆర్వో నాగేంద్రబాబు మంచివాడు. చేతులు కట్టుకుని లీలావతి దగ్గరికొచ్చి, రేపు తప్పకుండా పంపుతానని చెప్పాడు. లీలావతి ఆయ్ అంది. నీళ్ళు తాగడం తగ్గించమని మొగుడికి చెప్పి గుమ్మంలో కూర్చుంది.

చుట్టూ ఇంత నీరు. అందులో ఆయన ఒక్క గ్లాసు తాగకూడదు. అది తల్చుకుంటే నాకు నవ్వొచ్చి ఉండాలి, కాలమిస్టుని కదా. రాలేదు.

తెల్లారేసరికి సత్తిబాబు ముఖం ఉబ్బింది. పాదాలు నొక్కితే సొట్టపడుతున్నాయి. పడుకుంటే ఊపిరాడటం లేదని రాత్రంతా గోడకానుకుని కూర్చున్నాడట. రత్నమాల పొద్దున్నే వెళ్ళి చూసొచ్చి, నాగేంద్రబాబుని అడగమని నన్ను పంపింది. వెళ్ళి మర్యాదగా అడిగాను. సార్ వచ్చి వెళ్ళేదాకా పడవ ముట్టుకోవద్దని పైనుంచి ఆర్డరండీ, సాయంత్రం తప్పకుండానండీ అన్నాడు. నేను ఆయ్ అని తిరిగొచ్చి అదే మాట చెప్పాను. రత్నమాల నా ముఖంలోకి ఒక క్షణం చూసింది. లోపలికెళ్ళి టీ గ్లాసులు కడగడం మొదలుపెట్టింది.

పెద్దాయన పదకొండింటికి ఆ పడవలోనే దిగారు. వెంట నాయకులు, అధికారులు, వైర్‌లెస్ సెట్టుతో ఒక కానిస్టేబులు, ఆదిత్య అనే వీడియోగ్రాఫరు. చర్చి దిబ్బమీద షామియానా. దండలయ్యాయి. పెద్దాయన మైకు తీసుకుని, ఇన్ని కష్టాల్లోనూ పెదవి విప్పని మీ ఓర్పు ప్రపంచానికే ఆదర్శమన్నారు. నా ఒళ్ళు పులకరించింది. నా పరిశోధన సారాంశం నన్నడక్కుండానే ఆయన నోట వచ్చింది!

రత్నమాల ట్రేతో వచ్చి అందరికీ టీలిచ్చింది. చక్కెర సరిపోయిందాండీ అని పెద్దాయన్ని అడిగింది. స్త్రీల సమాజానికి సెక్రటరీ, ఎవరికీ ఎదురుచెప్పి ఎరగని మనిషి. ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్ళింది. ట్రే కిందపెట్టిన చప్పుడు మాత్రం నాకు వినపడింది.

కాసేపటికి రేవు దగ్గర గొడవగా ఉందంటే అందరం అటు చూశాం. గొడవంటే కేకలు కాదు. మా ఊళ్ళో గొడవ కూడా నెమ్మదిగానే జరుగుతుంది. పడవలో, పెద్దాయనకోసం దుప్పటి పరిచిన బల్లమీద సత్తిబాబు కూర్చున్నాడు. ఆయన్ని ఒకపక్క లీలావతి పట్టుకుంది. ఇంకోపక్క రత్నమాల, ఒళ్ళో ఆస్పత్రి సంచీ పెట్టుకుని కూర్చుంది. ఒడ్డున నాగేంద్రబాబు చెమటలు తుడుచుకుంటున్నాడు. పడవ నడిపే వీరవెంకటరమణ గెడ పట్టుకుని ఆకాశం వంక చూస్తున్నాడు.

"అమ్మగారూ, ఇది సార్ పడవండీ. దయచేసి దిగండి," అన్నాడు నాగేంద్రబాబు.

"ఆయ్, దిగుతాం బాబూ," అంది రత్నమాల. "సత్తిబాబుని అమలాపురంలో దింపేక మేమూ దిగుతాం."

"అలా కాదండీ. సార్ ఎక్కాలి."

"ఎక్కమనండి నాయనా. చోటుంది. మేం కాస్త సర్దుకుంటాం."

నాగేంద్రబాబు నా వంక చూశాడు. భర్తనని గుర్తుచేసుకుని నేను రెండడుగులు ముందుకేశాను. అతిథి పడవలో ఇలా కూర్చోవడం బాగుండదని, లోకం చూస్తోందని నెమ్మదిగా చెప్పాను.

"చూడనివ్వండి," అంది. "ఆదిత్యగారూ, ఇటు తిప్పండి కెమెరా. ఈయన కాళ్ళు కూడా పడాలి."

ఆదిత్య అలవాటుకొద్దీ తిప్పేశాడు. కెమెరాలో సత్తిబాబు పాదాలు పడ్డాయి. సత్తిబాబుకి మాట్లాడేంత ఊపిరి లేదు. లీలావతి మాత్రం అందరికీ చేతులు జోడించి కూర్చుంది. అడుగుతున్నట్టూ ఉంది, వీడ్కోలు చెబుతున్నట్టూ ఉంది.

పెద్దాయన తక్కువవారు కాదు. కెమెరా ఎటుందో చూసుకుని, రేవులోకి దిగి, ముందు పేషెంటు వెళ్ళాలి, నా ప్రజలకన్నా నేనెక్కువ కాదని గట్టిగా ప్రకటించారు. తోడుగా కానిస్టేబుల్నీ పంపించారు. సరిగ్గా పడలేదు సార్ ఇంకోసారి అని ఆదిత్య అంటే, సత్తిబాబు భుజమ్మీద చెయ్యేసి మళ్ళీ ప్రకటించారు. అరగంటలో ఒడ్డున దింపి వచ్చేయమని వీరవెంకటరమణతో అన్నారు. పడవ కదిలింది.

అరగంటైంది. గంటైంది. పడవ రాలేదు.

ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. పడవ క్షేమంగా ఒడ్డుకు చేరింది. సత్తిబాబుని ఆటో ఎక్కించారు. వీరవెంకటరమణ పడవ వెనక్కి తిప్పబోతుంటే అవతలి రేవులో డ్యూటీలో ఉన్న అధికారి ఆపేశాడు. పెద్దాయన ఎక్కితే తప్ప పడవ కదలకూడదని ఆయన దగ్గరున్న ఆర్డరు. పెద్దాయన లంకలో ఉన్నారు, ఎక్కాలంటే నేనక్కడికి వెళ్ళాలి కదండీ అన్నాడు వీరవెంకటరమణ. నిజమే, ఆయన ఎక్కగానే వెళ్ళు అన్నాడు అధికారి. అంత నికార్సయిన డ్యూటీ నేనెక్కడా చూడలేదు. ఫోను చేద్దామంటే మా టవరు జనరేటర్‌లో డీజిలు అయిపోయి సిగ్నలు పోయింది. వైర్‌లెస్ సెట్టు కానిస్టేబులుతో అవతల ఒడ్డునే ఉంది.

ఆవిధంగా పెద్దాయన మా ఊళ్ళో వరద బాధితుడయ్యారు.

మొదట్లో బాగానే ఉన్నారు. జోకులు వేశారు. చిన్నప్పుడు తను కూడా ఏట్లో ఈదానని చెప్పారు. మళ్ళీ టీ ఇచ్చాం. తర్వాత వానొచ్చింది. షామియానా నీళ్ళు మోసి మోసి ఓ పక్కకి కూలింది. అందరూ చర్చి వరండాలోకి వచ్చారు. అక్కడప్పటికే మేకలు, కోళ్ళు, ధాన్యం బస్తాలు, మేమూ ఉన్నాం. ఒక మేక పెద్దాయన మెళ్ళో దండ తినడం మొదలుపెట్టింది. పాపం, అది పొద్దుటినుంచి పస్తు. కసరడం మాకు అలవాటు లేక చూస్తూ ఊరుకున్నాం.

కాసేపటికి ఆయన నాగేంద్రబాబు చెవిలో ఏదో అడిగారు. నాగేంద్రబాబు నా చెవిలో అడిగాడు. మరుగుదొడ్లు నీళ్ళలో ఉన్నాయని నేను నాగేంద్రబాబు చెవిలో చెప్పాను, అతను పెద్దాయన చెవిలో చెప్పాడు. మరి మీరంతా ఏం చేస్తున్నారన్న ప్రశ్న అదే దారిన వెనక్కి వచ్చింది. దానికి జవాబు పత్రికలో రాసేది కాదు. ఆడవాళ్ళు చీకటి పడేదాకా ఆగుతారని మాత్రం చెప్పాను.

ఆకలేసింది. ఆయనే పంచిపెట్టిన పులిహోర పొట్లం ఆయనకిచ్చాం. విప్పి వాసన చూసి, ఇది ఎప్పుడు కట్టిందని అడిగారు. అమలాపురంలో తెల్లవారుజామునే కట్టారండీ, ఈపాటికి కొద్దిగా పులుస్తుందండీ, మేం ఆవకాయ నంజుకుంటామండీ అని వీరబాబు మర్యాదగా ఆవకాయ తెచ్చి పెట్టాడు. తింటుంటే కాలిమీద జెర్రి పాకింది. కాలు విదిలిస్తే మంచినీళ్ళ గ్లాసు దొర్లిపోయింది.

నేను పక్కనే కూర్చుని ధైర్యం చెప్పాను. ప్రపంచానికే ఆదర్శమైన గుణం ఒకటుందని, దాన్ని అలవాటు చేసుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం లేదని మనస్ఫూర్తిగా బోధించాను. ఓర్పు పట్టాలండీ అన్నాను.

"ఎంతసేపండీ మాస్టారూ ఓర్పు?" అన్నారు.

మమ్మల్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

మూడు దాటాక ఆయన లేచి నిలబడ్డారు. అప్పటిదాకా ఉన్న పెద్దాయన వేరు, ఇప్పుడు లేచిన పెద్దాయన వేరు. పడవ ఎప్పుడొస్తుందని నాగేంద్రబాబుని నిలదీశారు. వస్తుందండీ, తప్పకుండా వస్తుందండీ అన్నాడు నాగేంద్రబాబు. తప్పకుండా అంటే ఎప్పుడు, ఊరంతటికీ ఒక్క పడవేమిటి, టవరుకు డీజిలెవరు పొయ్యాలి, ఇంతమంది మనుషులకు ఒక దొడ్డి కట్టడం చేతకాలేదా, దీనికంతటికీ బాధ్యులెవరు? ఒకటి వెంట ఒకటి. అచ్చం మా దుబాయ్ బావగారే! అచ్చం ఆ ఇంగ్లాండు ముసలావిడే! నేను నిర్ఘాంతపోయాను. మా నీళ్ళలో పూటైనా ఉండలేదు, అప్పుడే విదేశీయుడైపోయారు.

చివరికి వరండా అంచుకొచ్చి, వానలో ఏటి వంక చెయ్యి చాచి, "అసలిక్కడ వంతెన ఎందుకు లేదు?" అన్నారు.

నాగేంద్రబాబు నేల చూశాడు. వెనకాల నాయకులు ఫోన్లు చూసుకున్నారు, సిగ్నలు లేకపోయినా. ఆదిత్య కెమెరా దించేశాడు. మేక ఒక్కటే నములుతోంది.

వీరబాబు తుండుగుడ్డ భుజమ్మీంచి తీసి, రెండు చేతులూ కట్టుకుని ముందుకొచ్చాడు.

"శంకుస్థాపన రాయి ఉందండీ. కాజ్‌వే పక్కన. ఇప్పుడు నీళ్ళకింద ఉందండీ. తగ్గేక తమరొస్తే చూపిస్తాం. దానిమీద తమరి పేరే ఉందండీ."

ఎగతాళి లేదు ఆ గొంతులో. కోపం లేదు. అదే మరీ ఇబ్బందిగా ఉంది. పెద్దాయన మళ్ళీ కూర్చున్నారు. ఈసారి బస్తామీద.

పొద్దుగూకే వేళకి పడవొచ్చింది. ఒడ్డున పై అధికారులెవరో వచ్చి ఆర్డరును ఆర్డరుతోనే కొట్టేయించారట. పెద్దాయన ఎక్కారు. బురదలో జోడు ఒకటి పోతే వీరబాబు వెతికి కడిగి ఇచ్చాడు. వెళ్ళేముందు ఆయన అలవాటుగా అందరికీ చెయ్యూపి, ధైర్యంగా ఉండండి, ఏటా మీ కష్టంలో తోడుంటాను, వచ్చే ఏడాది కూడా తప్పకుండా వస్తానని మాటిచ్చారు.

మర్నాడు పేపర్లలో రోజంతా బాధితుల మధ్యే గడిపి, వారితో కలిసి పులిహోర తిన్నారని ఫొటోతో సహా వేశారు. ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

ఆ మర్నాడే ఇంకో రెండు పడవలొచ్చాయి. ఒకటి పేషెంట్లకే. టవరుకు డీజిలొచ్చింది. చర్చి దిబ్బమీద తాత్కాలిక మరుగుదొడ్లు లేచాయి. అడక్కుండానే! ఆయన కాలిమీద జెర్రి పాకిన చోట బ్లీచింగు కూడా చల్లారు. రత్నమాల సత్తిబాబు దంపతుల్ని వెంటబెట్టుకుని ఆ పడవలోనే తిరిగొచ్చింది. మెషిను మీద చాలాసేపు ఉంచారట. ఊపిరితిత్తుల్లోకి అప్పటికే నీరు చేరిందని, ఇంకో పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడని లీలావతి చెప్పింది. చెబుతున్నంతసేపూ రత్నమాల చెయ్యి వదల్లేదు.

నేను ఊరిపెద్దగా ఒక విషయం స్పష్టం చేయాల్సి ఉంది. రత్నమాల చేసిన పని మన సంస్కృతి కాదు. ఇలా ప్రతివాళ్ళూ అడగడం మొదలుపెడితే ఏమవుతుంది? అడిగినవన్నీ ఇచ్చేస్తే మన ఓర్పును ఎక్కడ పెట్టుకోవాలి? రేపు పడవలైపోయాక రోడ్లంటారు, రోడ్లయ్యాక వంతెనంటారు, వంతెనొస్తే వరదొచ్చినా మన ఊరికి ఎవరూ పడవేసుకుని రారు. అప్పుడు మనం ఎవరికి టీ ఇస్తాం?

ఇదంతా సత్తిబాబుకు వివరంగా చెప్పాను. నీరు తీశాక ఇంట్లో బురద గోకి, సామానంతా వాకిట్లో ఆరబోసుకున్న రోజది. మనిషి తేరుకున్నాడు. గోడకానుకోకుండా కూర్చుని, శ్రద్ధగా అంతా విన్నాడు.

"మరేనండి మాస్టారూ," అన్నాడు చివరికి. "కానండీ, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఉంచితేనే పేషెంట్లకి పడవొచ్చింది. ఆయన్నొక్క వారం ఉంచుకోవాల్సిందండీ."

వాకిట్లోకి చూశాను. తడిసిన బొంతలు దులిపి దండెమ్మీద వేస్తున్న రత్నమాల, అన్నిటికన్నా మంచి పరుపొకటి తీసి, ఎండ బాగా తగిలేచోట విడిగా పరిచింది. అదెవరికి అనడిగాను.

"వచ్చే ఏడు వస్తానన్నారు కదండీ," అంది. "ఈసారి పడకకూడా వేద్దాం."